మూడో వాంగ్మూలం

కోయిలకుంట్లకు ప్రత్యేక దర్యాప్తు బృందం వస్తోందంటే చాలు, ఓబుళేశు తెల్లచొక్కా తొడుక్కుని టీకొట్టు ముందు కూర్చుంటాడు. విదేశీ కంపెనీవాళ్లు ఒక నాయకుడికి లంచం డబ్బుల పెట్టె అందించడం అతను తన చేనులో నిలబడి చూశాడు. ఆ చేను ఇప్పుడు వాళ్ల గని. ప్రభుత్వం మారినప్పుడల్లా ఒక కొత్త బృందం వచ్చి, అతని వాంగ్మూలం రాసుకుని పోయింది. ఇప్పటికి రెండుసార్లయింది; కేసు కదల్లేదు, అతను చెప్పే పెట్టె మాత్రం ఊళ్లో నవ్వులాటయింది.

“ఏమప్పా, ఈ తూరి పెట్టె ఎంత పెద్దదాయె?” అన్నాడు టీకొట్టు రబ్బానీ, టీ వడపోస్తూ.

“బీరువా అంత!” అందరితోపాటు ఓబుళేశూ నవ్వాడు.

ఇంతలో మూడో బృందం అధికారి వచ్చి, అతను చెబితేనే కేసు నిలుస్తుందనీ, చేను తిరిగి రావచ్చనీ అన్నాడు. ఆయన చేతిలోని కాగితాల్లో ఓబుళేశుకు తన పాత వాంగ్మూలాలు రెండూ కనిపించాయి.

“నేనేం సూడలేదు సార్. వీళ్లను నవ్వించనీకి చెప్తాంటి.”

అధికారి ఆ మాట రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. టీకొట్టులో ఒక్కరూ కాదనలేదు.