వేడి వేరు, త్వరణం వేరు

బెంగళూరులో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నన్ను మొదట అడిగింది ఫిజిక్స్ కాదు, ఊరు. పావగడ తాలూకా, తిరుమణి పక్కన అని చెప్పాను. ఎదురుగా కూర్చున్న నలుగురిలో పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"సోలార్ పార్క్! అయితే సోలార్ సెల్స్ మీద చెయ్యమ్మా. మీ ఊరికే పనికొస్తుంది" అన్నాడు కన్నడంలో.

నేను రాసుకొచ్చింది వేరే. శూన్యంలో పక్కపక్కన రెండు పరమాణువులుంటాయి. వాటి మధ్య శక్తి ఇచ్చిపుచ్చుకోవడం ఒకటి నడుస్తుంటుంది. రెండూ కలిసి క్షణక్షణానికీ వేగం పెంచుకుంటూ పోతే, అంటే త్వరణంలో ఉంటే, ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఏమవుతుంది? నాకు అదే కావాలన్నాను.

"శూన్యమా? ఊళ్లో ఖాళీ భూమి చూసీ చూసీ ఖాళీ మీదే మనసు పడిందేమో" అని నవ్వాడు. మిగతా ముగ్గురూ నవ్వారు.

నాకు చెవులు మండాయి. "మా భూమి ఖాళీగా లేదు సార్. శెనిగ పండించినాం. మా నాయన గొర్రెలు అక్కడే మేసినాయి. శూన్యం కూడా ఖాళీ కాదు, బోర్డు మీద చూపిస్తా" అన్నాను. చాక్‌పీస్ ఇమ్మని అడక్కుండానే తీసుకున్నాను.

సీటొచ్చింది. గైడుగా ఒప్పుకున్నాయన మాత్రం ఒక షరతు పెట్టాడు. ఏడాదిలో ఏమీ తేలకపోతే సోలార్ సెల్స్‌కి మారాలి.

వేసవికి ఊరికొచ్చి పనిలో పడ్డాను. భూములు సోలార్ పార్క్‌కి లీజుకు పోయి, మేపే చోట కంచెలు పడ్డాక నాయన మందను అమ్మేశాడు. ఇప్పుడు అదే చోట ప్యానెళ్ల వరసల మధ్య గడ్డి కోస్తున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికొచ్చి, అరుగు మీద నా కాగితాలు చూసి నిలబడ్డాడు.

"ఏంది పాపా, నెల దినాలుగా రాస్తానే ఉండావు?"

చెప్పాను. త్వరణంలో ఉన్న పరమాణువుకి శూన్యం వెచ్చగా తోస్తుందనీ, అందుకని త్వరణం బదులు వేడి పెట్టుకుని లెక్క చెయ్యొచ్చనీ.

ఆయన చెయ్యి కడుక్కుంటూ ఆలోచించాడు. "అట్లయితే వాటిని ఉరికియ్యడం ఎందుకు? నిలబెట్టి వేడి చేస్తే చాలు కదా. రెండూ ఒకటేనా?"

"ఒకటే నాయనా" అన్నాను విసుగ్గా.

"నువ్వు చూసినావా?"

చూడలేదు. గైడు చెప్పాడు, నమ్మాను. నలుగురి ముందు బోర్డు దగ్గరికెళ్లి కొట్లాడిన దాన్ని, ఈ ఒక్క మాటను మాత్రం నోరెత్తకుండా మింగినందుకు సిగ్గేసింది.

ఆ సాయంత్రమే మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందు పరమాణువుల్ని కదలకుండా వేడిలో ఉంచి లెక్క చేశాను. వేడికి సంబంధించిన పదాలన్నీ చివరికి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. చల్లగా ఉన్నప్పుడు వాటి మధ్య ఏముందో వేడిలోనూ అదే. తప్పు చేశాననుకుని మూడుసార్లు తిరగరాశాను. మూడుసార్లూ అదే. తరువాత త్వరణం పెట్టాను. ఈసారి వాటి మధ్య ఆ ఇచ్చిపుచ్చుకోవడం దూరం పెరిగేకొద్దీ మామూలు కంటే తొందరగా బలహీనపడింది. వేడి చెయ్యలేని పనిని త్వరణం చేసింది. లేచి వాకిట్లోకి వెళ్లి ఊరికే నవ్వుకున్నాను.

బెంగళూరు వెళ్లి చూపిస్తే గైడు తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడో తప్పు చేసుంటావు."

"ఉంటే చూపించండి సార్. లేకపోతే వేడీ త్వరణమూ ఒకటేనని ఇంక నాకు చెప్పొద్దు."

అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన కాగితాలు మూడు రోజులు తన దగ్గరే పెట్టుకున్నాడు. నాలుగో రోజు పిలిచి, "తప్పు లేదు" అన్నాడు. ఆగి, "కానీ దీన్ని ఇంతకుముందే వేరేవాళ్లు కనుక్కున్నారు" అని ఒక పేపరు నా ముందుకు జరిపాడు.

తిరగేసి చూస్తే అందులో ఉన్నది నా ఫలితమే. అయినా ఏడవలేదు. ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే అక్కడిదాకా నడిచాను. ఇంకొంచెం ముందుకూ నడవగలను. "ఆ పరమాణువుల పక్కన అద్దం పెడితే ఏమవుతుందో చూస్తాను సార్" అన్నాను. సోలార్ సెల్స్ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఏడాది చివర నింపాల్సిన ఫారంలో, ఈ పరిశోధన వల్ల సమాజానికి ఏం ఉపయోగమో రాయమని ఉంది. "ఇంకా తెలీదు" అని రాశాను. ఆఫీసు వాళ్లు సరిగ్గా నింపమని వెనక్కి పంపారు. అదే మాట, ఈసారి కొంచెం పెద్ద అక్షరాలతో రాసి పంపాను. రెండోసారి వెనక్కి రాలేదు.