బంద్ చేసిన లైనులో మంట

2019 ఏప్రిల్. కోస్గి దాటాక ఒక చిన్న ఊరి చివర, కోళ్ల షెడ్డు దగ్గర జరిగిన సంగతి ఇది. అప్పట్లో నేను హైదరాబాదులో, ఇళ్ల మీద, షెడ్ల మీద సోలార్ పెట్టించే పథకానికి మార్గదర్శకాలు తయారుచేసే బృందంలో ఇంజనీరుని. ఎవరు పెట్టుకోవచ్చు, ప్రభుత్వం ఎంత సాయం చేయాలి, ఏ తీగను ఎక్కడ కలపాలి, ఇలాంటి రూల్స్ రాయడం మా పని. ఏసీ గదిలో కూర్చుని రాస్తే రూల్స్ చాలా అందంగా వస్తాయి. నాకు ఆ అందం మీద మొదటినుంచీ నమ్మకం లేదు. అందుకే రెండో విడత రూల్స్ రాసేముందు ఊళ్లు తిరిగి చూసొస్తానని మా పెద్దసారుతో పోట్లాడి మరీ జీపు తీసుకున్నాను. ఈ ఎండల్లో ఎందుకమ్మా అన్నారాయన. మాది నార్కట్‌పల్లి పక్క ఊరు. మా నాయిన కంకర మిషను దగ్గర కూలి చేసి నన్ను చదివించాడు. ఎండ సంగతి నాకు చెప్పొద్దు సార్ అని బయల్దేరాను.

ఆ షెడ్డు చంద్రమ్మది. నలభై అయిదేళ్లుంటాయి. భర్తకు షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని, వారానికోసారి వస్తాడు. షెడ్డు పూర్తిగా ఆమె చేతి మీదే నడుస్తుంది. కంపెనీవాళ్లు కోడిపిల్లలనూ దాణానూ ఇస్తారు. ఆమె నలభై రోజులకు కాస్త అటూఇటుగా పెంచి అప్పగిస్తే బరువును బట్టి కూలి కట్టిస్తారు. మా పథకంలో ఆమె షెడ్డు కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకుంది. నెట్ మీటరింగ్ అంటాం దాన్ని. పగలు పలకలు తయారుచేసిన కరెంటులో తాను వాడుకోగా మిగిలింది లైనులోకి పోతుంది, ఆ మేరకు బిల్లు తగ్గుతుంది. పథకం పుస్తకం అట్ట మీద చంద్రమ్మ ఫొటో వేద్దామని ఆఫీసులో అప్పటికే అనుకున్నాం. నేను వెళ్లింది ఆ ఫొటో కోసం కూడా.

నేను దిగేసరికి ఆమె ఫొటో దిగే స్థితిలో లేదు. షెడ్డుకు వచ్చే లైను మీద ఎక్కడో జంపర్ కాలిపోయి కరెంటు పోయింది. జంపర్ అంటే స్తంభం మీద ఈ తీగనూ ఆ తీగనూ కలిపే చిన్న ముక్క. కోళ్లు పెరిగి బరువెక్కి ఉన్నాయి, కంపెనీ బండి ఎల్లుండి వస్తుంది. ఆ ఎండలో ఫ్యాన్లు ఆగితే అరగంట చాలు, బరువెక్కిన కోళ్లు నోళ్లు తెరిచి కుప్పగా పడిపోతాయి. నెలన్నర కష్టం అరగంటలో బూడిదే. నన్ను చూసి, "కూసోండి మేడం, జర ఆగుండ్రి" అని ఒక్క మాట అనేసి షెడ్డులోకి ఉరికింది.

లైన్‌మన్ నర్సింహ బండి మీద అప్పుడే వచ్చాడు. అదే ఊరి మనిషి, చంద్రమ్మను అక్కా అంటాడు. పెద్ద లైను నుంచి చీలి ఈ ఒక్క షెడ్డు ట్రాన్స్‌ఫార్మర్ కోసమే వచ్చిన కొస లైను అది. అతను చీలిక దగ్గర స్విచ్ దించాడు. సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు, అంటే లైను బంద్ ఉందని, పని చేసుకోవచ్చని అనుమతి. నిచ్చెన వేసుకున్నాడు. ఇక తీగలో కరెంటు ఉండే అవకాశమే లేదు. అయినా అతను డిశ్చార్జ్ రాడ్ తీశాడు. పొడుగాటి కర్ర, కొసన కొక్కెం, దానినుంచి భూమిలోకి ఒక తీగ. ముట్టుకునే ముందు దాన్ని లైనుకు తగిలించాలి, ఒకవేళ ఏమన్నా కరెంటు మిగిలుంటే భూమిలోకి పోతుంది. చాలామంది బద్ధకించి ఆ పని చేయరు. ఇతను చేస్తున్నాడే అని నాకు ముచ్చటేసింది. షెడ్డులో జనరేటర్ చప్పుడవుతోంది. కోళ్ల షెడ్డులో జనరేటర్ ఉండడం వింతేం కాదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

కొక్కెం తీగకు తగిలిందో లేదో, చెవులు చిల్లులు పడే చప్పుడు. నీలంగా, తెల్లగా మంట లేచింది. నర్సింహ రాడ్ వదిలేసి నిచ్చెన మీద నుంచి జారి కింద పడ్డాడు. దగ్గరికి పరుగెత్తాను. మోచేతులు గీరుకుపోయాయి గానీ మనిషి బాగానే ఉన్నాడు. రాడ్ నుంచి భూమిలోకి పోయే తీగ మాత్రం కాలి తెగిపోయి ఉంది. మళ్లీ సబ్‌స్టేషనుకు ఫోన్ చేశాడు. లైను బందే ఉందన్నారు. చీలిక దగ్గర స్విచ్ ఇక్కడికే కనబడుతోంది, దిగే ఉంది.

"పాత కరెంటు ఏమన్న మిగిలి ఉండె కావచ్చు మేడం. ఇప్పుడు పోయింది," అన్నాడు. షెడ్డు వైపు చూసి, అక్క కోళ్లు సస్తున్నయని గొణుక్కుంటూ మళ్లీ నిచ్చెన పట్టుకున్నాడు. ఈసారి రాడ్ లేదు.

నాకేదో తేడాగా ఉంది. మిగిలిన కరెంటు అంత మంట లేపదు. ఏమిటిది, ఏమిటిది అని బుర్ర గోక్కుంటుంటే ఒకటి తట్టింది. ఆ చప్పుడుతోపాటే షెడ్డులో జనరేటర్ కూడా మూలిగి ఆగిపోయింది. రెండూ ఒక్క క్షణంలోనే. అప్పుడు చూశాను కప్పు మీద పలకల వైపు, వాటి కింద షెడ్డు వైపు, షెడ్డు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ వైపు. ట్రాన్స్‌ఫార్మర్‌కు బుద్ధి ఉండదు. పైనుంచి పదకొండు వేల వోల్టులు వస్తే తగ్గించి షెడ్డుకు ఇస్తుంది. షెడ్డులోంచి కరెంటు వెనక్కి వస్తే పదకొండు వేలకు పెంచి లైనులోకి పంపిస్తుంది.

సరిగ్గా అప్పుడే షెడ్డులో జనరేటర్‌ను మళ్లీ తిప్పుతున్న చప్పుడు వినబడింది. బయట ఏం జరిగిందో లోపలున్న ఆమెకు తెలియదు. నర్సింహ సగం నిచ్చెన ఎక్కాడు.

"నర్సింహా, దిగు! తీగ ముట్టకు!" అని అరిచాను. అతను ఆగాడో లేదో కూడా చూడకుండా షెడ్డులోకి పరుగు తీశాను. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. జనరేటర్ అందుకుంది, ఫ్యాన్లు కదులుతున్నాయి. షెడ్డును బయటి లైనుకు కలిపే మెయిన్ స్విచ్ గోడ మీద పైకే ఉంది. రెండు చేతులతో కిందికి లాగేశాను. బయటికి చూస్తే నర్సింహ తీగకు బారెడు దూరంలో, చెయ్యి గాలిలో అలాగే పెట్టి, నన్నే చూస్తున్నాడు. నేను అక్కడే దాణా బస్తా మీద కూలబడ్డాను.

మా సోలార్‌లో ఇన్‌వర్టర్ అనే పెట్టె ఉంటుంది. పలకల కరెంటును మనం వాడుకునే కరెంటుగా మార్చేది అదే. లైనులో కరెంటు పోగానే అది కూడా కనురెప్ప పాటులో ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. కానీ పథకం కింద దాన్ని అమ్మినవాళ్లు ఆ సంగతి చంద్రమ్మకు చెప్పలేదు. కరెంటు పోయినా ఫికర్ లేదన్నారట. తీరా చూస్తే మిట్టమధ్యాహ్నం, పైన పలకల నిండా ఎండ కాస్తుండగా, కింద ఫ్యాన్లు ఆగిపోయేవి. అప్పుడు కోస్గి ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉపాయం చెప్పాడు. చిన్న జనరేటర్‌ను తెచ్చి సోలార్ ఉన్న బోర్డుకే కలిపాడు. ఇన్‌వర్టర్ జనరేటర్ కరెంటును లైను కరెంటని నమ్మి పనిచేయడం మొదలుపెడుతుంది. సగం ఫ్యాన్లను సోలారే లాగుతుంది. ఒకటే షరతు. ముందు మెయిన్ దించాలి, తర్వాతే జనరేటర్ వేయాలి. ఏడాదిగా చంద్రమ్మ అలాగే చేస్తోంది.

ఎందుకు దించలేదని నేను గద్దించి అడిగాను. కోపంతో కాదు, భయంతో.

"కోళ్లు నోళ్లు తెరిసినయ్ మేడం. చెయ్యి జనరేటర్ మీదికే పోయింది. మెయిన్ యాదికి రాలే," అంది. అని, బయట నిచ్చెన వైపు చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. "అంటే తమ్మి పట్టుకునే తీగలకు... నా కరెంటే పోతుండెనా?"

నేను తల ఊపాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

ఇప్పుడు మెయిన్ దిగి ఉంది కాబట్టి జనరేటర్ నడిచినా లైనుకు ప్రమాదం లేదు. నేనూ, చంద్రమ్మా ఆ మాటే నర్సింహకు చెప్పాం. అతను నిచ్చెన దగ్గరికి పోయాడు, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, తీసేశాడు. "నువ్వు చెప్తే నేను నమ్ముత అక్కా. నా కాళ్లు నమ్ముతలేవు," అన్నాడు. జనరేటర్ చప్పుడు వినబడుతుంటే ఎక్కలేనన్నాడు. ఎలా తప్పుపడతాం?

చంద్రమ్మ లోపలికి పోయి జనరేటర్ ఆపేసింది. ఫ్యాన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. జనరేటర్ తాళంచెవి తీసి, స్తంభం కిందికి వచ్చి, అతనికి పైనుంచి కనబడేట్టు చెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడింది. "ఇగో, నా చేతుల ఉన్నది. చూసుకుంట ఎక్కు తమ్మీ," అంది. రాడ్‌కు తెగిన తీగను నేనూ అతనూ కలిసి కట్టాం. అతను ఎక్కాడు. మళ్లీ రాడ్ తగిలించాడు. ఈసారి ఏమీ కాలేదు. అతను జంపర్ కడుతున్నంతసేపూ రెండు నిమిషాలకోసారి కిందికి చూశాడు. చూసినప్పుడల్లా ఆమె చెయ్యి పైనే ఉంది. వెనక షెడ్డులో కోళ్ల రొప్పు మా ముగ్గురికీ వినబడుతోంది. ఆ ఎండలో ఆమె ఒక్కసారి కూడా తల తిప్పి షెడ్డు వైపు చూడలేదు.

కరెంటు వచ్చేసరికి షెడ్డులో ఎటు చూసినా కోళ్లు తెల్లగా పడి ఉన్నాయి. సగానికి సగం పోయాయనిపించింది. నర్సింహ ఇంటికి పోకుండా సాయంత్రం దాకా చచ్చినవాటిని మోస్తూనే ఉన్నాడు. నేనూ కొన్ని మోశాను. నా మెడలో కెమెరా ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను.

అట్నుంచి అటే కోస్గి పోయి ఆ ఎలక్ట్రీషియన్‌ను పట్టుకున్నాను, నాలుగు తిట్టాలనే పోయాను. అతను టీ చెప్పించి, ఎంతో నిబ్బరంగా, తాను అలా కలిపిన షెడ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. అతనొక్కడే కాదట, ప్రతి మండలంలో ఒకరున్నారట. "కరెంటు పోతే ఆగిపోయే సోలార్ మీరిస్తిరి మేడం. కోళ్లు ఆగుతయా?" అన్నాడు. తిట్టడానికి పోయినదాన్ని తిట్టకుండానే తిరిగొచ్చాను.

వారం తిరక్కుండానే ఒక రూలు రాసి పెద్దసారు ముందు పెట్టాను. జనరేటరో సోలారో ఉన్న ప్రతి చోటా, స్తంభం దగ్గర, బయటినుంచి కంటికి కనబడే స్విచ్ ఉండాలి. ఎక్కేముందు లైన్‌మన్ దాన్ని దించి తన తాళం వేసుకోవాలి, చెవి అతని జేబులో ఉండాలి. అలాగే కరెంటు పోయినప్పుడు లైనుతో సంబంధం లేకుండా ఫ్యాన్లు నడిచే పద్ధతిని మనమే ఇవ్వాలి, లేకపోతే జనం దొంగదారి వెతుక్కుంటారు. ఆయన అంతా చదివారు. చదివి, "ఎవరైనా చనిపోయారా?" అని అడిగారు. లేదు సార్, వెంట్రుకవాసిలో తప్పింది అన్నాను. "మరింకేం? ఖర్చు పెరుగుతుంది, పథకం నెమ్మదిస్తుంది. జాగ్రత్తలు చెప్తూ ఒక పోస్టర్ వేయిద్దాం," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ తీగ మీద లేచిన మంట కన్నా ఆ ప్రశ్నకే నేను ఎక్కువ బిత్తరపోయాను.

రెండేళ్లకు, నల్లగొండ వైపు ఒక రైస్ మిల్లు దగ్గర, బంద్ చేసిన లైను మీద పనిచేస్తూ ఒక లైన్‌మన్ చనిపోయాడు. మిల్లు మీద సోలార్ ఉంది, లోపల జనరేటర్ నడుస్తోంది. ఆ సంగతి నాకు మొదట చెప్పింది నర్సింహ. పొద్దున్నే ఫోన్ చేశాడు. "నా జాగల గాయన పోయిండు మేడం," అన్నాడు.

ఆ మధ్యాహ్నం పెద్దసారు నన్ను పిలిచి, అప్పుడు పక్కన పెట్టిన ఆ రూలు కాగితం తెమ్మన్నారు. తెచ్చాను. తేదీ ఒక్కటి మార్చారు, సంతకం పెట్టారు. లోపల ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం రాలేదు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగారు.

మా పనిలో నియర్ మిస్ అనే మాట ఉంది. జరగబోయి తప్పిపోయిన ప్రమాదం అని అర్థం. తప్పిపోయింది కాబట్టి దానికి ఫైలు ఉండదు, దానిమీద ఎవరూ సంతకం పెట్టరు. ఇప్పుడు నేను ఏ ఊరికి వెళ్లినా, పలకలూ మీటర్లూ చూడకముందే అక్కడి లైన్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, అన్నా, చావు తప్పిన ముచ్చట ఏమన్నా ఉందా అని అడుగుతాను. ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు ఉంటాయి. గడగడా చెప్పేస్తారు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదంటారు.