మా కాలేజీ కబడ్డీ గొప్పలు

ఏ కాలేజీలో చేరితే కబడ్డీ లీగుకు వెళ్ళొచ్చని మా మేనల్లుడు అడిగితే, నేను చదివిన కాలేజీయే అని చెప్పాను. "డజను మందిని లీగుకు పంపాంరా. మావాడొకడు కూత పెడితే వాడరేవులో పడవలు వెనక్కి తిరిగేవి!"

నా కోతలకు ఊరంతా నవ్వుతుంది. వాడు మాత్రం గుంటూరులో ఆటల కోటా కింద వచ్చిన సీటు వదులుకుని మా కాలేజీలోనే చేరాడు. ఆట ఊసే లేదని వాడంటే, వానలు ఆగాక ప్రాక్టీసు మొదలవుతుందిలే అని నేనే సర్దిచెప్పాను. మాఘమాసంలో ఇద్దరం వెళ్ళి చూస్తే గ్రౌండంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

"కబడ్డీ కోర్టెక్కడండి?" అని కాయలు తిరగేస్తున్న రైతునడిగాను.

"మీరు నిలబడ్డదేనండి. ఆటల మాస్టారు రిటైరయ్యాక ఆడేవాళ్ళు లేరు. పక్కకి జరగండి, కాయ నలుగుద్ది."

అటునుంచటే గుంటూరు వెళ్ళాం. సీటు ఎవరికో ఇచ్చేశారు. వచ్చే ఏడాదికి వాడికి కోటా ఎంపికల వయసు దాటిపోతుందన్నారు.

తిరుగు బస్సులో వాడు నన్ను తిట్టలేదు.

"నువ్వు కోతలు కోస్తావని తెలుసు మావయ్యా. ఆట దగ్గర మాత్రం కొయ్యవనుకున్నా."