గుసగుస కూడా మాటే

ఆ ఆదివారం ఉదయం మా తెలుగు చర్చిలో రెండో పాట మూడో చరణం దగ్గర నా గొంతు ఆగిపోయింది. దగ్గు లేదు, నొప్పి లేదు. పై స్వరానికి వెళ్ళబోతే గాలి వచ్చింది గాని శబ్దం రాలేదు. నా వెనక పాడుతున్నవాళ్ళందరూ కూడా ఆగిపోయారు.

వాళ్ళెందుకు ఆగారో చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్‌లో మా చర్చికి వచ్చేవాళ్ళు చాలామంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో హిందీ చదివారు కాబట్టి తెలుగు అక్షరాలు రావు. అందుకని పాటలో ఒక్కో వరస ఒకరు ముందు చదివి అందిస్తే మిగతావాళ్ళు అందుకుని పాడతారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఆ అందించేది నేనే. నా గొంతు ఆగితే చర్చిలో పాట ఆగినట్టే. ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు మహా ఇష్టంగా ఉండేది.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. ఇరవై నాలుగేళ్ళ వయసులో విశాఖలో ఓడెక్కి, రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోదామని ఇక్కడికి వచ్చాను. హాడో రేవులో సరుకు దింపే గ్యాంగులో చేరి, అదే గ్యాంగుకి మేస్త్రీనయ్యాను. ఇక్కడివాళ్ళు అటువైపు నేలని ‘మెయిన్‌ల్యాండ్’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను పరదేశంలో ఉన్నాననిపించేది. ఎప్పటికైనా వెనక్కి వెళ్ళి, నాకు పాట నేర్పిన మా ఊరి చర్చిలో నిలబడి ఒక పాట మొదటినుంచి చివరిదాకా పాడాలన్నది నా ఆశ. నిద్రలో కూడా అదే కల వచ్చేది. ఇక్కడే పుట్టి పెరిగిన కరుణతో పెళ్ళయింది, కూతురు రూతు పుట్టింది, కల మాత్రం మారలేదు.

గొంతు బొంగురుపోయాక రెండు నెలలు నిర్లక్ష్యం చేశాను. రేవులో క్రేన్ల చప్పుడు మీద అరిచే గొంతు, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకున్నాను. పక్కనున్న చౌల్దారీ ఊరినుంచి మా అత్తగారు తోటలో కాసిన మిరియాలు పంపింది. కషాయాలు తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. ఒకరోజు మా ఆవిడ కరుణకి కోపమొచ్చింది.

“డాక్టర్ దగ్గరికి చలో అంటే వినరు. గొంతు మీ ఒక్కరిదే అనుకుంటున్నారా ఏటి?” అంది.

ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశాడు. లారింగోస్కోపీ అంటారు దాన్ని. “లెఫ్ట్ వోకల్ కార్డ్ మీద పాలిప్, అంటే చిన్న కండ, పెరిగింది. తీయించుకుని బయాప్సీకి పంపాలి. చెన్నై వెళ్ళు. డరో మత్, లేకిన్ దేర్ మత్ కరో” అన్నాడు. భయపడకు, ఆలస్యం చేయకు అని ఆయన అన్నదాంట్లో రెండోది పాటించాను. మొదటిది నావల్ల కాలేదు.

చెన్నైలో సర్జన్ మేడమ్‌కి తెలుగు కొద్దిగా వచ్చు. మైక్రోలారింజియల్ సర్జరీ అంటే ఏమిటో బొమ్మ గీసి చూపించింది. జనరల్ అనస్తీషియా ఇస్తారనీ, బయట కోత ఏమీ ఉండదనీ చెప్పింది. “తర్వాత పది రోజులు కంప్లీట్ వాయిస్ రెస్ట్. మాట లేదు, పాట లేదు. ఏం కావాలన్నా పేపర్ మీద రాయండి” అంది. నేను తలూపాను. కరుణ వెళ్ళి పెద్ద నోటుపుస్తకం, రెండు పెన్నులు కొనుక్కొచ్చింది.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చి, పుస్తకం తీసుకుని నాలుగు ముక్కలు రాసి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

“ఇది తెలుగు కదండీ. నాకు చదవడం రాదు కదా.”

పద్దెనిమిదేళ్ళ కాపురంలో మేం ఒకరికొకరం ఒక్క చీటీ రాసుకోలేదు. నోరుంది, ఫోనుంది, ఆ అవసరమే రాలేదు. నాకా హిందీ గడగడా మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఏడో తరగతి దాకా తెలుగులో చదివినవాణ్ణి. ఇంగ్లీషంటే నాకు తెలిసింది పెట్టెల మీది నంబర్లు, గుర్తులు. ఫోన్‌లో తెలుగు టైపు చేస్తే అదే పైకి చదివి వినిపిస్తుందట. రూతు ఆ సంగతి చెప్పేసరికి జరగాల్సిన తప్పు జరిగిపోయింది.

మంచినీళ్ళు, తిండి, దుప్పటి సైగలతో గడిచాయి. మూడో రోజున బయాప్సీ గురించిన దిగులు గుండెలమీద కూర్చుంది. దానికి సైగ ఏముంటుంది? ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి కరుణ చేతికిచ్చాను. “పక్క వార్డులో తెలుగువాళ్ళున్నారు, చదివించుకుని వస్తా” అని లేచింది. నేను చెయ్యి పట్టుకుని ఆపి, వద్దని తల అడ్డంగా ఊపాను.

“ఠీక్ హై, ఎవరికీ చూపించను” అని దాన్ని మడిచి సంచిలో దాచుకుంది.

ఆ సాయంత్రం నుంచి నేను గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాను. గొంతు వాడటం లేదు కదా, గాలే కదా అనుకున్నాను. ఏడు రోజులు ఆమె చెవి దగ్గర గుసగుసలాడుతూనే ఉన్నాను.

రివ్యూ రోజున మేడమ్ ముందు రిపోర్టు చూసి, “బినైన్. క్యాన్సర్ కాదు” అంది. కరుణ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత మేడమ్ స్కోప్ పెట్టి చూసి మొహం చిట్లించింది.

“మాట్లాడారా?”

“లేదు మేడమ్, గుసగుసగానే, అంతే” అంది కరుణ.

“గుసగుస కూడా మాటే. ఇంకా ఎక్కువ స్ట్రెయిన్ అవుతుంది. కార్డ్ మళ్ళీ వాచింది. ఇంకో మూడు వారాలు పూర్తిగా మౌనం. ఈసారి వినకపోతే పాడే గొంతుకి నేను గ్యారంటీ ఇవ్వలేను.”

విమానంలో ఇంటికి వస్తుంటే కరుణ నా వైపు చూడలేదు. కోపం నా మీదనుకున్నాను. దిగాక అంది: “నాకు చదవడం వచ్చుంటే మీకు ఈ గతి పట్టేది కాదు.”

మర్నాడు పొద్దున్నే నా పాటల పుస్తకం వంటింటి బల్లమీద తెరిచి పెట్టింది. ఆ పాటలు చాలావరకు ఆమెకి నోటికి వచ్చు. ప్రతి శనివారం నేను ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే విని విని వచ్చేశాయి. పాట నెమ్మదిగా పాడుకుంటూ, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ పోయింది. సరిగ్గా ఉంటే నేను బల్లమీద ఒకసారి కొట్టాలి, తప్పయితే రెండుసార్లు. మొదటి రోజంతా రెండేసి దెబ్బలే. “అరె, అక్షరం కింద ఈ వేలాడేది ఏటండీ?” అని ఒత్తుల దగ్గర విసుక్కునేది. చేపలు కడుగుతూ గుణింతం చెప్పుకునేది. నలభై రెండేళ్ళ మనిషి, ఇంటి పని, బయటి పని అన్నీ చేసుకుంటూ ఒక్కరోజు మానలేదు. నాకైతే అంత పట్టుదల లేదు. ఉంటే పది రోజులు నోరు మూసుకుని ఉండేవాణ్ణి.

రెండు వారాలకి నా చీటీ మొదటిసారి పూర్తిగా చదివింది. ‘పులుసులో ఉప్పు తక్కువైంది’ అని రాశాను.

“ఇది చదవడానికా నేను ఇన్నాళ్ళు కళ్ళు పోగొట్టుకున్నది?” అంది. నవ్వుకీ శబ్దం రాకూడదు కాబట్టి కడుపు పట్టుకుని కూర్చున్నాను.

ఒక తెల్లవారుజామున మళ్ళీ మా ఊరి చర్చి కల వచ్చింది. నోరు తెరిస్తే కలలో కూడా నాకు గొంతు లేదు. లేచి కూర్చున్నాను. వంటింట్లోంచి కరుణ అక్షరాలు కూడబలుక్కుంటున్న చప్పుడు వినబడింది. అది వింటూ మళ్ళీ పడుకున్నాను.

నా మౌనవ్రతంలో చివరి ఆదివారం, చర్చిలో పాట అందించడానికి ఆమె లేచి నిలబడింది. నాకు ముందు చెప్పలేదు. నా గొంతు ఆగిన పాటే తీసింది. మూడో చరణం ఆమెకి ఎప్పుడూ కాస్త తడబాటే, నోటికి పూర్తిగా రాదు. ఒక ఒత్తు దగ్గర ఆగిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆ మాట నాకు తెలుసు, ముందు బెంచీలోనే ఉన్నాను, చిన్నగా అంటే ఆమెకి వినబడుతుంది. పెదవి పళ్ళతో నొక్కిపెట్టి కూర్చున్నాను. ఆమె వేలు ఆ అక్షరం మీద కదిలింది, పెదాలు కదిలాయి, మాట వచ్చింది. చర్చంతా పాట అందుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత స్పీచ్ థెరపీ. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా ‘ఊ’ అని ఊదాలి. థెరపిస్టు మా రూతుకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, నేను దీదీ అనే పిలిచేవాణ్ణి. “భయ్యా, జోర్ సే నహీ” అని, గట్టిగా ఊదొద్దంటూ నా తొందరకి కళ్ళెం వేసేది. నెలల తరబడి ఆ బుడగలే నా సంగీతం. మాట వచ్చింది, కింది స్వరాలు వచ్చాయి, పై స్వరాలు రెండు రాలేదు. అవి ఇక రావని దీదీ మెల్లగా చెప్పింది.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. రేవులో అరవను, మెళ్ళో ఈల వేలాడదీసుకున్నాను. చర్చిలో కరుణ అందిస్తుంది, నేను అందరితోపాటు కింది శ్రుతిలో పాడతాను. మా ఊరి చర్చి కల ఇంకా ఉంది. కాకపోతే ఇప్పుడు ఇద్దరం వెళ్ళాలనుకుంటున్నాం. పాట ఆమె అందించాలి.

గొంతు మూడు వారాలు దాటి బొంగురుగా ఉంటే ఈఎన్‌టీకి చూపించుకోవాలని డాక్టర్లు చెప్తూనే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. ఆపరేషన్‌కి వెళ్ళే ముందు, మీ చేతిరాత చదవగలిగినవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. లేకపోతే నేర్పించి వెళ్ళండి. మౌనంగా ఉండటం ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

చెన్నైలో దాచుకున్న ఆ కాగితాన్ని కరుణ ఎప్పుడు చదివిందో నాకు తెలియదు. ఈ మధ్య పాటల పుస్తకంలో కనబడింది. ‘కరుణా, నాకు భయంగా ఉంది. పాట పోతే నేనెవర్ని?’ అని నా రాత. దాని కింద పెన్సిల్‌తో, పెద్ద పెద్ద అక్షరాలతో, ఆమె రెండు మాటలు రాసిపెట్టింది: ‘మా మనిషి.’