టోపీ పిల్లి వంతెన దాటిన రోజు

మా చిన్నప్పుడు ఒక్క రిమోట్‌ను ఇద్దరం పట్టుకుని ఆడేవాళ్ళం... ఆ ఇద్దరిలో ఒకరు పిలిస్తే రెండోవాళ్ళు ఎందుకు పోలేదు? ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఇన్నాళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

మాది కోరుట్ల. బాపు దుబాయి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు దుప్పట్లు, అత్తరు సీసాలతో పాటు ఒక వీడియో గేమ్ డబ్బా తెచ్చాడు. రెండు రిమోట్లలో ఒకటి పెట్టెలోనే చితికిపోయి వచ్చింది. మిగిలింది ఒక్కటే.

ఎండాకాలం సెలవులకు సిరిసిల్ల నుంచి మా మేనత్త కూతురు స్వరూప వదిన వచ్చేది. నాకంటే ఏడాదిన్నర పెద్ద. మామ సాంచెలు నడిపేవాడు. పొద్దస్తమానం ఆ మరమగ్గాల మోతలో పెరిగిన పిల్ల కదా... మా ఇంట్లో కూడా గొంతు చించుకునే మాట్లాడేది.

రిమోట్ కోసం మొదటి రోజే జుట్లు పట్టుకున్నాం. అమ్మ డబ్బా లాక్కుని బీరువాలో పెట్టబోయింది. అప్పుడు వదినే ఉపాయం చెప్పింది.

"ఎడమ దిక్కు నువ్వు పట్టు, కుడి దిక్కు నేను పడత. నువ్వు నడిపియ్యి, నేను దుంకిస్త."

అంతే... ఆ రోజు నుంచి ఎటు పోవాలో నా బొటనవేలు చెప్పేది, ఎప్పుడు దూకాలో ఆమె బొటనవేలు చెప్పేది.

ఆటలో మేం నడిపేది ఏదో కార్టూన్‌లోని పిల్లి అట. డబ్బాలో పెట్టే ఆట క్యాసెట్ మీద దాని బొమ్మ ఉండేది. ఆ కార్టూన్ మా టీవీలో ఎన్నడూ రాలేదు. అందుకని మేమే పేరు పెట్టుకున్నాం... టోపీ పిల్లి. దాన్ని గద్దలు పొడిచేవి, పీపాలు తొక్కేవి. ఆఖరి స్టేజీలో ఒక చెక్కల వంతెన. కాలు పెట్టగానే చెక్క ఊడిపోయేది.

"ఎటు పోతున్నవే? గుంతల పడేస్తవ్!"

"నువ్వు దుంకు వదినె!"

"నువ్వు సక్కగ నడిపితె గద నేను దుంకేది!"

"గా డబ్బాల ఏమున్నదే, కండ్లు పోతయి" అని వంటింట్లోంచి అమ్మ. మాకు వినపడితే కదా...

రెండు ఎండాకాలాలు ఆ వంతెన మీద పడిపోతూనే ఉన్నాం. మూడో ఏడు ఒక మధ్యాహ్నం... క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది పెట్టి, భుజం భుజం ఆనించుకుని కూర్చున్నాం. వదిన ఊపిరి బిగబట్టింది. చెక్కలన్నీ ఊడిపోయాయి. పిల్లి మాత్రం అవతలి ఒడ్డున నిలబడింది!

అప్పుడే కరెంటు పోయింది.

మళ్ళీ వచ్చేసరికి మొదటి స్టేజీ. ఆ రోజుల్లో ఎక్కడి ఆట అక్కడ దాచుకునే వీలు లేదు. వదిన ఏడుపు ఆపుకుంటూ, "ఎవ్వలకు చెప్పినా నమ్మరే... మనిద్దరికే ఎరుక" అంది. తర్వాత ఎన్నిసార్లు ఆడినా దాటలేదు.

ఆమె పదో తరగతితో ఆపేసింది. సిరిసిల్లలోనే పెళ్ళి. నేను యూనివర్సిటీ దాకా పోయి, జగిత్యాలలో లెక్చరర్‌నయ్యాను. తెలంగాణ కోసం సమ్మె జరిగిన రోజుల్లో మా కాలేజీ వాళ్ళమంతా రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటా వార్పు చేశాం. బస్సులు డిపోలు దాటలేదు. ఒకరోజు నేను అన్నం వడ్డిస్తుంటే వదిన ఫోన్ చేసింది.

"ఒక్కసారి వచ్చిపో రమా. జర పానం మంచిగ లేదు. కామెర్లట."

"మందులు వాడుతున్నవా వదినె?"

"చెట్ల మందు తాగుతున్న, తగ్గుతది. నువ్వైతె గా గేమ్ డబ్బా పట్కరా. మనం వంతెన దాటినమంటె నా బిడ్డ నమ్ముతలేదు. నువ్వచ్చి చెప్తె నమ్ముతది."

"బస్సులు బంద్ గదా... ఎట్ల రావాలె? సమ్మె అయిపోంగనే వస్త."

"మీరే రోడ్ల మీద కూసోని ఆపుతరు, మీరే బండ్లు లేవంటరు. మంచిగున్నది మీ ముచ్చట!"

పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అన్నం గంపలో గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

తొమ్మిదో రోజు మామ ఫోన్ చేశాడు. "స్వరూప లేదు బిడ్డా..."

సమ్మె అట్లాగే ఉంది. ఒక్క బస్సూ లేదు. అయినా పోయాను. నాలుగు ఆటోలు మారాను. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా సిరిసిల్లలో ఉన్నాను.

నాలుగు ఆటోలు... అంతే దూరం.

వాడలో ఆ రోజు సాంచెలు ఆపేశారు. అంత నిశ్శబ్దంగా ఆ ఇంటిని ఎన్నడూ చూడలేదు. ఆమె ఏడేళ్ళ కూతురు నా కొంగు పట్టుకుని అడిగింది... "మా అమ్మ నిజంగనే దుంకిచ్చిందా?"

"దుంకిచ్చింది బిడ్డా. నేను ఉత్తగ నడిపిన. దుంకిచ్చింది మీ అమ్మనే."

నమ్మిందో లేదో తెలియదు. డబ్బా కోరుట్లలోనే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం పిల్లి అవతలి ఒడ్డున నిలబడిందని చెప్పే రెండో మనిషి ఇప్పుడు లేదు.

ఈనాటి పిల్లల ఆటలు ఎక్కడ ఆపితే అక్కడే ఆగి ఎదురుచూస్తాయి. ఎవరి రిమోట్ వాళ్ళది... మీరు ఎవరితోనైనా ఒక్క రిమోట్ పంచుకుని ఆడారా? ఆ మనిషి ఉంటే, ఇవాళే ఒకసారి మాట్లాడండి.

నేను ముందే పోయి ఉంటే పెద్దాసుపత్రికి తీసుకుపోయేదాన్నా? ఏమో... చెట్ల మందే చాలని నేనూ అనుకునేదాన్నేమో. సమ్మెను తప్పు పట్టలేను. మనసారా కూర్చున్నాను, ఈ రోజుకీ దాని మీద నమ్మకం పోలేదు. కానీ ఆ రోజు బస్సులు లేక ఆగిపోయానా... లేక రాష్ట్రం కోసం చేసే పోరాటం ముందు ఒక ఆట డబ్బా కోసం వచ్చిన పిలుపు చిన్నదనుకుని ఆగిపోయానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.