నాయన పిడికిలి

చర్చిలో శిష్యత్వం మీద ప్రసంగం మొదలైతే, అది మాటలతో వచ్చేదా అని నాకిప్పటికీ చిరాకే. మెల్లగా కళ్ళు మూసుకుంటాను. పటాన్‌చెరులో మేమున్న కిరాయి గది కనిపిస్తుంది.

డెబ్బైలలో నాయన అక్కడ కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాత్రి డ్యూటీ దిగి, పొద్దున్నే మంచులోంచి తేలివస్తున్నట్టు వచ్చేవాడు. అమ్మ చేటలో బియ్యం పోసుకుని ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. మా క్రైస్తవుల ఇళ్ళలో వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసిపెట్టి, ఆదివారం చర్చిలో పోస్తారు. ఆ బియ్యం లేనివాళ్ళ ఇళ్ళకు పోతుంది. మా ఇంట్లో ఆ పిడికెడు నాయనే తీయాలి. ఆయనది పెద్ద చెయ్యి. ఎంత తోమినా మిషన్ నూనె వాసన వదిలేది కాదు. ఆ వేళ్ళ సందుల్లోంచి గింజలు జారుతూ లేత ఎండలో మెరిసేవి. నిద్రకళ్ళతో చూస్తుంటే అవి ఎంతకీ కింద పడనట్టే ఉండేది.

ఒకరోజు ఆకలికి ఆగలేక అమ్మ మీద అరిచాను.

"జల్దీ నువ్వే తియ్యరాదే అమ్మా! ఎవల చెయ్యి అయితేంది?"

"నా చెయ్యి చిన్నది బిడ్డా," అంది అమ్మ, చేట మీంచి చూపు తిప్పకుండా. "తినేటోళ్ళకు తక్కువైతది."

ఇప్పుడు ఇద్దరూ లేరు. నాది అమ్మలాగే చిన్న చెయ్యి. వంటకు ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో పోస్తాను. మూత పెట్టబోతుంటే నూనె వాసన వచ్చినట్టనిపిస్తుంది. మళ్ళీ బియ్యంలో చెయ్యి పెడతాను.