వర్లి బస్సులో అక్క

ఎనభైల్లో టీచర్ల శిక్షణకని పాలమూరు నుంచి బొంబాయి వెళ్లినప్పుడు నాకొక రోజు తీరిక దొరికింది. కామాటిపురలో ఒంటిగదుల చాల్లో ఉంటూ నాలుగిళ్లలో పనిచేసే మా అక్క, "ఇయ్యాల పనికి చుట్టీ పెట్టిన చెల్లె, వర్లి సముద్రం చూపిస్త" అంది.

డబుల్‌డెక్కర్ బస్సులో పైన కూర్చున్నాం. పక్కనే ఉన్న నాగ్‌పాడా దాటకముందే అక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. సముద్రం వచ్చింది, దాటిపోయింది. లేపబుద్ధి కాలేదు.

చివరి స్టాపులో లేచి, "సముద్రం పోయిందా?" అంది.

"వెనక్కి పోతూ దిగుదాం అక్కా."

"వద్దు. పిల్లలు బడినుంచి వచ్చే యాళ్లయింది. గింత నిద్ర పోక ఎన్నేండ్లాయెనో."

తిరుగు బస్సు కిటికీలోంచి వేలు చాపి, "అగో, గదే" అని చూపించింది.

మరుసటి వానాకాలంలో కామెర్లతో పోయింది. పెళ్లయ్యాక అక్క నాతో తీరిగ్గా గడిపిన రోజు అదొక్కటే.